ముందు ఏది అయిపోతుంది?

మన వంటింటి గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది మొత్తం మండి ఖాళీ అయ్యేలోపు గాలిలోంచి ఎంత ఆక్సిజన్ తీసుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాదాపు 51 కిలోలు. సిలిండర్‌లో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు. 44 గ్రాముల ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 160 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 58 గ్రాముల బ్యూటేన్‌కైతే 208 గ్రాములు కావాలి. ఈ రెండూ ఏ పాళ్లలో కలిసి ఉన్నా లెక్క 51 కిలోల దగ్గరే తేలుతుంది. మనం డబ్బిచ్చి కొన్నది పద్నాలుగు కిలోల పైచిలుకు, గాలి ఊరికే ఇచ్చింది దానికి మూడున్నర రెట్లు. బర్నర్ రంధ్రాలు పూడుకుపోయి ఆ గాలి సరిగా అందకపోతే నీలి మంట పసుపు రంగుకు తిరుగుతుంది, గిన్నెల అడుగు మసిబారుతుంది. గ్యాస్ ఉంది కానీ ఆక్సిజన్ చాలలేదన్నమాట. హైస్కూలు పిల్లలకు రసాయన శాస్త్రంలో నేర్పే లెక్కలు అసలు ఈ విషయం గురించినవే. ఎంతకు ఎంత కావాలి, ముందు ఏది అయిపోతుంది, ఏది ఎంత మిగులుతుంది. పుస్తకాల్లో దీని పేరు స్టాయికియోమెట్రీ. మూలకం, కొలత అని అర్థం వచ్చే రెండు గ్రీకు మాటలు కలిపి 1792లో జెరెమియాస్ రిక్టర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. పేరు నోరు తిరగకపోవచ్చు గానీ విషయం మాత్రం వంటింటిదే.

నేను ఇవాళ మీ ముందు పెట్టదలచిన వాదన ఒక్కటే. ఈ లెక్కల్ని పిల్లల చేత సాధన చేయించే వరుస తలకిందులుగా ఉంది. మామూలుగా మొదట ఇచ్చే లెక్కల్లో ఒకే పదార్థం బరువు ఇస్తారు. రెండోది ఉంటే, అది సరిపడినంత ఉందని అనుకోమంటారు. రెండు పదార్థాల బరువులూ ఇచ్చి, వీటిలో ముందు అయిపోయేది ఏదో చెప్పమనే లెక్కను కష్టమైనదిగా ఎంచి చివరికి నెట్టేస్తారు. చాలామందికి అది ఇంటర్మీడియట్‌లో స్టాయికియోమెట్రీ పాఠంలో, పరిమిత కారకం అనే పేరుతో, మొదటిసారి ఎదురవుతుంది. ఆ చివరి లెక్కే మొదట రావాలని నేనంటాను. అది పైతరగతుల వారికి అదనంగా పెట్టిన మెట్టు కాదు, పాఠానికి గుండెకాయ.

ఎందుకంటున్నానో చెబుతాను. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు పొందిన ఊరు. అక్కడ బట్టీలో జరిగేది పదో తరగతి పుస్తకంలో ఉన్న చర్యే. సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, వేడికి విడిపోయి పొడిసున్నం, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 44 కిలోలు వాయువై ఆకాశంలో కలిసిపోతుంది. మరి 25 కిలోల రాయి కాలిస్తే? నూటికి యాభై ఆరైతే ఇరవై ఐదుకు ఎంత అని త్రైరాశికం వేస్తే 14 వస్తుంది. జవాబు సరైనదే, మార్కులు పడతాయి. కానీ ఈ జవాబు రావడానికి పరమాణువులున్నాయని నమ్మాల్సిన పని కూడా లేదు. కిలో కందిపప్పు ధర తెలిస్తే పావుకిలో ధర చెప్పడానికీ దీనికీ తేడా ఏముంది? మన పెద్దలు త్రైరాశికంలో ఆరితేరినవాళ్లు, ఆ పరికరాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే అది ఇక్కడ రసాయన శాస్త్రాన్ని పూర్తిగా కప్పేస్తోంది. ఇలాంటివి ఇరవై లెక్కలు చేసిన పిల్లవాడికి ఇరవయ్యీ సరిగ్గా వచ్చినా, చర్యలో ఏం జరుగుతుందో అతనికి తెలిసిందని మనం చెప్పలేం.

ఇది ఊహ కాదు, పరీక్షించి చూసిన సంగతి. 1987లో నూరెన్‌బర్న్, పికరింగ్ అనే ఇద్దరు అమెరికన్ రసాయన శాస్త్ర అధ్యాపకులు కాలేజీ విద్యార్థులకు రెండు రకాల ప్రశ్నలిచ్చారు. ఒకటి మామూలు లెక్క. రెండోది అంకెలు లేని బొమ్మ. ఆ బొమ్మను మీ కళ్లముందుకు తేవడానికి ప్రయత్నిస్తాను. ఒక పెట్టె ఊహించుకోండి. అందులో ఎక్స్ అనే మూలకానివి మూడు తెల్లని చుక్కలు, వై అనే మూలకానివి ఎనిమిది నల్లని చుక్కలు ఉన్నాయి. పక్కనే ఇంకో పెట్టె. అందులో ప్రతి తెల్ల చుక్కకూ రెండేసి నల్ల చుక్కలు అతుక్కుని మూడు గుంపులయ్యాయి, రెండు నల్ల చుక్కలు ఒంటరిగా మిగిలాయి. ఈ చర్యకు సమీకరణం ఏమిటని ప్రశ్న. ఒక ఎక్స్, రెండు వైలు కలిసి ఒక అణువు అవుతుంది, అంతే సమాధానం. మిగిలిన రెండు చుక్కలకు సమీకరణంలో చోటు లేదు, ఎందుకంటే అవి చర్యలో పాల్గొననే లేదు. మామూలు లెక్కలు చక్కగా చేసిన విద్యార్థుల్లో చాలామంది ఈ బొమ్మ దగ్గర తడబడ్డారు. కనిపించిన చుక్కలన్నీ లెక్కపెట్టి, మూడు ఎక్స్‌లు, ఎనిమిది వైలు అని మిగిలినవాటితో సహా రాసేయడం ఇక్కడ సహజంగా జరిగే పొరపాటు. ఆ బొమ్మ అడిగినదల్లా ఒక్కటే, అయిపోయింది ఏది, మిగిలింది ఏది. మనం సాధనలో చివరికి నెట్టేసిన ప్రశ్న సరిగ్గా అదే.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మనం తూచేది బరువును. కానీ పదార్థాలు కలిసేది లెక్క ప్రకారం, ఇన్నింటికి ఇన్ని అని. ఈ రెండిటి మధ్య ఉన్న వంతెన దాటడమే మొత్తం పాఠం. హార్డ్‌వేర్ షాపులో బోల్టులు, నట్లు కిలోల్లెక్కన అమ్ముతారు కదా. ఒక్కో బోల్టు 30 గ్రాములు, ఒక్కో నట్టు 10 గ్రాములు అనుకుందాం. ఒక్కో బోల్టుకు రెండు నట్లు బిగించాలి. మూడు కిలోల బోల్టులు, మూడు కిలోల నట్లు తెచ్చారు. రెండూ సమానంగానే ఉన్నాయి కాబట్టి సరిపోతాయని ఎవరైనా అంటారా? బోల్టులు వంద, నట్లు మూడు వందలు. వంద జతలు బిగించేసరికి బోల్టులు అయిపోతాయి, నట్లు ఇంకా వంద, అంటే కిలో, మిగిలిపోతాయి. బిగించిన జతల బరువు అయిదు కిలోలు, మిగిలిన నట్లు ఒక కిలో, మొత్తం ఆరు. మొదట తెచ్చిందీ ఆరే. ఇందులో ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థం కానిది ఏమీ లేదు. ఇప్పుడు బోల్టుల చోట నైట్రోజన్, నట్ల చోట హైడ్రోజన్ పెట్టండి. ఒక నైట్రోజన్ అణువు మూడు హైడ్రోజన్ అణువులతో కలిసి రెండు అమ్మోనియా అణువులు ఇస్తుంది. 28 గ్రాముల నైట్రోజన్, 28 గ్రాముల హైడ్రోజన్ ఉన్నాయి. అణువుల్ని డజన్లలా గుంపులుగా లెక్కపెట్టే కొలత పేరు మోల్. ఆ లెక్కన నైట్రోజన్ ఒక మోల్, హైడ్రోజన్ పద్నాలుగు మోల్‌లు. కావలసింది మూడే. నైట్రోజన్ అయిపోతుంది, 34 గ్రాముల అమ్మోనియా వస్తుంది, 22 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. 34, 22 కూడితే 56. మొదట తీసుకున్నదీ 56. బోల్టులు, నట్ల లెక్కా ఇదీ ఒకటే. మధ్యలో మోల్ అనే మాట చేరింది, అంతే.

ఈ వంతెన దగ్గర ఆగిపోయిన పిల్లల్ని మందబుద్ధులని అనేవాళ్లు రసాయన శాస్త్ర చరిత్రను ఒకసారి తిరగేయాలి. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకటికి ఎనిమిది బరువుల చొప్పున ఉంటాయని పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలు త్రాసుతో తేల్చారు. కానీ ఎన్ని పరమాణువులకు ఎన్ని? త్రాసు ఆ సంగతి చెప్పదు. ఒకటికి ఒకటి అనుకున్నాడు డాల్టన్ అనే శాస్త్రవేత్త. అప్పుడు ఆక్సిజన్ పరమాణువు హైడ్రోజన్ కంటే ఎనిమిది రెట్లు బరువు. రెండు హైడ్రోజన్‌లకు ఒక ఆక్సిజన్ అనుకుంటే పదహారు రెట్లు. బరువుల నిష్పత్తి ఒకటే అయినా లెక్క మారితే పరమాణు భారమే మారిపోతుంది. ఈ చిక్కుకు దారి చూపే ఆలోచనను అవోగాడ్రో అనే శాస్త్రవేత్త 1811లోనే చెప్పినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అర్ధశతాబ్దం పాటు ఒక్కొక్కరు ఒక్కో పరమాణు భారం వాడుతూ, ఒకే పదార్థానికి వేర్వేరు ఫార్ములాలు రాస్తూ వచ్చారు. ఆ గందరగోళాన్ని తీర్చుకోవడానికే 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఐరోపా రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఇటలీ నుంచి వచ్చిన కన్నిజారో అవోగాడ్రో ఆలోచనను ఆధారం చేసుకుని బరువు నుంచి లెక్కకు ఎలా వెళ్లాలో అక్కడ వివరించాడు. వింటున్నవాళ్లలో యువ రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ కూడా ఉన్నాడు. అంతటి మేధావులకు యాభై ఏళ్లు పట్టిన అడుగును మనం నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో, మోల్ అంటే ఇది అని ఒక సూత్రం బోర్డు మీద రాసి దాటించేయాలనుకుంటున్నాం.

మోల్ గురించి ఒక ముఖ్యమైన మార్పు ఇక్కడ చెప్పాలి. 2019 మే 20 వరకు మోల్‌కు నిర్వచనం బరువు మీద నిలబడి ఉండేది. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలు ఒక మోల్ అనేవారు. ఆ రోజు నుంచి బరువు ప్రస్తావన తీసేశారు. 6.02214076ను పది ఘాతం ఇరవై మూడుతో గుణిస్తే వచ్చే సంఖ్య, సరిగ్గా అన్ని కణాలు, ఒక మోల్. డజను అంటే పన్నెండు అన్నట్టే. ప్రపంచమంతా ఆమోదించిన నిర్వచనమే మోల్ అంటే లెక్క అని ఇంత సూటిగా చెబుతున్నప్పుడు, మన పిల్లలు దాన్ని ఇంకా బరువును బరువుతో భాగించే ఒక తంతుగానే నేర్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తెలుగులో చదివే పిల్లలకు ఇంకో అడ్డంకి కూడా ఉంది. మామూలు మాటల్లో మనం అణుబాంబు అంటాం, అణుశక్తి అంటాం. అక్కడ అణువు అంటే ఆటమ్. పాఠ్యపుస్తకంలో ఆటమ్‌కు పరమాణువు అని, మాలిక్యూల్‌కు అణువు అని వాడతారు. వార్తల్లో ఒక అర్థంతో విన్న మాట తరగతిలో ఇంకో అర్థంతో వస్తుంది. నైట్రోజన్ అన్నప్పుడు 14 తీసుకోవాలా 28 తీసుకోవాలా అనే తికమక చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. క్రియాజనకం, క్రియాజన్యం అనే జంట కూడా అలాంటిదే. ఒక్క అక్షరం తేడా, వేగంగా చదివితే చెవికి అందదు. కలిసేవి, ఏర్పడేవి అని పిల్లల్ని తమ మాటల్లో అననిస్తే సగం తికమక తీరుతుంది. పరీక్షలో పుస్తకం మాట రాయవచ్చు, ఆలోచించేటప్పుడు మాత్రం నోటికి వచ్చిన మాట వాడుకోవడమే మేలు.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది ఉపాధ్యాయుల నుంచే వస్తుంది. పిల్లలకు భాగహారాలే సరిగా రావడం లేదు, రెండు పదార్థాల లెక్క ఎలా చేస్తారు అని. ఈ ఇబ్బంది నిజం. కానీ దాన్ని కాస్త విడదీసి చూడాలి. మామూలు లెక్కలో పిల్లవాడు ఒకేసారి మూడు పనులు చేయాలి. సమీకరణం తుల్యం చేయాలి, అణుభారాలు కట్టాలి, నిష్పత్తి వేయాలి. మూడూ ఒకేసారి నెత్తిన పడితే ఏదో ఒకటి జారిపోతుంది. తుల్యం చేసిన సమీకరణం, అణుభారాలు ముందే ఇచ్చేసి, తేలిగ్గా భాగించగల బరువులతో ముందు ఏది అయిపోతుందో అడిగితే అంకెల భారం తగ్గుతుంది, ఆలోచనకు చోటు దొరుకుతుంది. అందాకా కాలిక్యులేటర్ ఇచ్చినా తప్పు లేదు. అణుభారాలు కట్టడం, తుల్యం చేయడం అనేవి విడిగా, రోజుకు అయిదు నిమిషాలు, నోటి లెక్కల్లా చేయించవచ్చు. చేయి తిరగాల్సిన పనులు అవి. వాటికి మాత్రం ఎన్ని లెక్కలు చేయించినా ఎక్కువ కాదు.

రెండో అభ్యంతరం, ఎక్కువ లెక్కలు చేస్తేనే కదా పట్టు దొరికేది అని. సాధన వద్దని నేననను. ఏది సాధన చేస్తున్నామో చూసుకోమంటున్నాను. ఒకే మూసలో ఇరవై లెక్కలు చేస్తే ఆ మూస మీద పట్టు దొరుకుతుంది, ప్రశ్న కాస్త తిరగేసి అడిగితే చేయి ఆగిపోతుంది. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు బీజగణితం నేర్చుకునేవారితో చేసిన ప్రయోగాల్లో, చేసి ఉన్న లెక్కల్ని శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ సమయంలో నేర్చుకుని, అలాంటి కొత్త లెక్కల్లో తక్కువ తప్పులు చేశారని తేలింది. దాన్ని రసాయన శాస్త్రానికి తెచ్చుకోవచ్చు. పూర్తిగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి, ప్రతి మెట్టు దగ్గర ఎందుకు అని అడగాలి. తర్వాతి లెక్కలో చివరి మెట్టు చెరిపేసి ఇవ్వాలి, ఆ తర్వాత రెండు మెట్లు చెరపాలి. ఒక లెక్కలో కావాలనే తప్పు పెట్టి వెతకమనాలి. బరువుల్నే నేరుగా పోల్చేసి, కణాల లెక్కకు మారకుండానే జవాబు తేల్చిన లెక్క ఇస్తే, ఆ తప్పు పట్టుకున్న పిల్లవాడు తన లెక్కలో దాన్ని మళ్లీ చేసే అవకాశం తక్కువ. ఇలా శ్రద్ధగా చేసిన అయిదు లెక్కలు మూసలో పోసిన ఇరవైకి సమానమని నా నమ్మకం.

మూడోది కాస్త లోతైన అభ్యంతరం. నిజమైన కర్మాగారంలో చర్య ఎప్పుడూ పూర్తిగా జరగదు, మరి ఈ కాగితం లెక్కలు ఎందుకు అని. అమ్మోనియా తయారీనే చూడండి. నైట్రోజన్, హైడ్రోజన్‌లు సరిగ్గా కావలసిన పాళ్లలో వెళ్లినా ఉత్ప్రేరకం మీదుగా ఒక్కసారి పోయినప్పుడు మారేది సుమారు 15 శాతమే. మిగిలిన వాయువుల్ని మళ్లీ వెనక్కి పంపి తిప్పుతూ ఉంటారు. పిడుగురాళ్ల రాయిలోనూ మట్టి, ఇసుక కలిసి ఉంటాయి, 56 అనేది శుద్ధమైన రాయికే. కానీ ఆ 15 శాతం అనేది దేనిలో 15 శాతం? కాగితం మీద వేసిన గరిష్ఠంలోనే కదా. ఆ గరిష్ఠం తెలియనివాడికి నష్టం ఎంతో తెలియదు, బట్టీలో ఎంత రాయి కాలకుండా మిగిలిందో తెలియదు. కాబట్టి పిల్లలకు ఈ లెక్కను జరిగి తీరేదిగా చెప్పవద్దు. ఇంతకు మించి రావడం అసాధ్యమనే హద్దుగా చెబితే, అది వాస్తవానికి దూరమైన లెక్కన్న మాట ఎవరూ అనలేరు.

పరీక్షల మాట కూడా ఎత్తాలి. పదో తరగతిలో ఇలాంటివి అంతగా అడగరు, సమయం వృథా అంటారు కొందరు తల్లిదండ్రులు. కానీ ముందు అయిపోయేదాన్ని గుర్తించగలిగిన పిల్లవాడికి ఒకే పదార్థం ఇచ్చిన లెక్క అందులో ఒక చిన్న భాగం, అది దానంతట అదే వచ్చేస్తుంది. ఒకే పదార్థం లెక్క నుంచి రెండు పదార్థాల లెక్కకు రావడం మాత్రం అంత సులువు కాదు. పైగా ఇలాంటి లెక్క తనను తాను సరిచూసుకుంటుంది. ఏర్పడినవాటి బరువు, మిగిలినదాని బరువు కలిపితే మొదట తీసుకున్న బరువు రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పక్కన ఉపాధ్యాయుడు లేకుండా ఇంట్లో ఒంటరిగా సాధన చేసే పిల్లవాడికి ఇంతకంటే మంచి తోడు ఉండదు. ద్రవ్యనిత్యత్వ నియమం అని నిర్వచనం బట్టీ పట్టినదానికి ఇక్కడ చేతికి అందే ఉపయోగం కనిపిస్తుంది.

పిల్లలెవరైనా వింటుంటే, వారి కోసం ఒక లెక్క. మీ ఇంట్లోనో పొరుగింట్లోనో యూరియా బస్తా ఉంటే చూడండి, 45 కిలోల బస్తా మీద నైట్రోజన్ 46 శాతం అని ఉంటుంది. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ 28. అరవైలో ఇరవై ఎనిమిది ఎంత శాతమో కట్టి చూస్తే ఆ 46 ఎక్కడిదో తెలుస్తుంది. ఇక అసలు ప్రశ్న. రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిసి ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు ఏర్పడతాయి. అమ్మోనియా అణుభారం 17, కార్బన్ డయాక్సైడ్‌ది 44, నీటిది 18. పది కిలోల అమ్మోనియా, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి. కాగితం తీసే ముందు ఒక్క క్షణం ఆగి, ముందు ఏది అయిపోతుందో ఊహించండి. అమ్మోనియా రెండేసి అణువుల చొప్పున ఖర్చవుతుంది కాబట్టి అదే ముందు అయిపోతుందని మనసు తొందరపడుతుంది. ఇప్పుడు లెక్క వేయండి. అయిపోయేది కార్బన్ డయాక్సైడ్. అమ్మోనియా రెండు కిలోలకు పైగా మిగిలిపోతుంది. ఎందుకలా జరిగిందో ఇంట్లో ఒకరికి వివరించి చెప్పండి, బోల్టులు, నట్లు దొరికితే వాటితోనే చెప్పండి.